పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: డెల్టా ఇంట్లో పాముకు పెట్టె

ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాలుగు పాముల గురించినవే. ఒకదానికి చెప్పిన సమాధానం మరొకరికీ పనికివస్తుంది కనుక వాటిని ఒకేచోట ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: హైదరాబాదులో మా తమ్ముడు పెంచుకుంటున్న బాల్ పైథాన్‌ను, అతడు విదేశంలో ఉద్యోగానికి వెళుతూ నాకు అప్పగించాడు. దాని వయసు రెండేళ్ళు, పొడవు మూడడుగుల పైచిలుకు. ప్రస్తుతం పాత చేపల తొట్టిలో ఉంచి, పైన ఇనుప జాలీ మూత వేసి, రాత్రింబవళ్ళు ఒక బల్బు వెలిగిస్తున్నాను. అది కొంతకాలంగా సరిగా తినడం లేదు. ముక్కు దగ్గర పొలుసులు అరిగి ఎర్రబడ్డాయి. మా ఊరి వడ్రంగిచేత మంచి పెట్టె చేయించాలని ఉంది. విదేశీయుల వీడియోలలో వేడి దీపాలు, తుంపర యంత్రాలు తప్పనిసరి అంటున్నారు. మన వాతావరణానికి ఏవి అవసరమో, ఏ చెక్క, ఏ కొలతలు తగినవో తెలుపగలరు.
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: పెట్టె పని మొదలుపెట్టే ముందు కాగితాల పని పూర్తిచేయండి. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల పాము. అంతరించే ముప్పు ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్న జీవి కావడం వల్ల, 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని నాలుగవ షెడ్యూలు దీనికి వర్తిస్తుంది. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమాల ప్రకారం, ఇటువంటి జీవి చేతికి వచ్చిన 30 రోజులలోగా కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేసి నమోదు చేయించుకోవాలి. మీ తమ్ముడి పేరున నమోదు ఉన్నంత మాత్రాన సరిపోదు. పాము చేతులు మారిన సంగతి కూడా నమోదు కావాలి.

ఇక ముక్కు సంగతి. బయటికి దారి వెతుకుతూ పాము రాత్రంతా జాలీకి ముక్కు రాస్తుంది. పొలుసులు అరగడానికి కారణం అదే కావచ్చు. చేపల తొట్టికి నాలుగు వైపులా అద్దమే. పగలంతా ఇరుకైన చీకటి చోట ముడుచుకుని ఉండే జంతువుకు అది నడివీధిలో నిలబెట్టినట్లే. దానికితోడు రాత్రి కూడా బల్బు వెలుగుతుంటే, అది కదిలి వేటాడవలసిన వేళ దానికి రానే రాదు. తినకపోవడానికి ఈ రెండే చాలు. ఈ రోజే బల్బు తీసివేసి, తొట్టికి మూడు వైపుల అట్టముక్కలు అడ్డం పెట్టి, లోపల ఒక మూకుడు బోర్లించండి. ముక్కు దగ్గర రక్తం గాని చీము గాని కనిపిస్తే పెట్టె తయారయ్యేదాకా ఆగకుండా పశువైద్యుడికి చూపించండి.

మీరు చూసిన వీడియోలలో చెప్పినవి తప్పులు కావు, కాని అవి చలిదేశాల ఇళ్ళకు సంబంధించినవి. హీటర్ల వల్ల గాలి పొడిబారే ఆ గదులలో పెట్టె వేడినీ తేమనూ లోపల పట్టి ఉంచాలి. గోదావరి డెల్టాలో, ముఖ్యంగా సముద్రానికి చేరువగా ఉండే మీ ప్రాంతంలో, ఏడాదిలో ఎక్కువ కాలం పెట్టె చేయవలసిన పని ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. అది ఎక్కువైన తేమను బయటికి పోనివ్వాలి, వేసవి వేడిని లోపలికి రానివ్వకూడదు. చెక్క మొదలుకొని గాలి రంధ్రాల దాకా ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క విషయాన్ని మనసులో పెట్టుకుని తీసుకోండి.

కొలతల విషయంలో తికమక అక్కరలేదు. పూర్తిగా ఎదిగిన బాల్ పైథాన్ మూడు నుంచి ఐదడుగుల పొడవు ఉంటుంది కాబట్టి, నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు ఉన్న పెట్టె దానికి జీవితాంతం సరిపోతుంది. దుకాణంలో దొరికే ఎనిమిదడుగులు, నాలుగడుగుల ప్లైవుడ్ షీటు ఒక్కటి తీసుకుని నాలుగు సమాన భాగాలుగా కోయిస్తే, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పలకలు నాలుగు వస్తాయి. అడుగుకు ఒకటి, పైకప్పుకు ఒకటి, వెనుక గోడకు ఒకటి పోగా, మిగిలిన పలకను సగానికి కోస్తే రెండు పక్కలు తయారవుతాయి. రంపపు కోతకు పోయే మందాన్ని లెక్కలో చూసుకొమ్మని వడ్రంగికి ముందే చెబితే వృథా ఏమీ ఉండదు. ముందు భాగంలో అడుగున నాలుగంగుళాల పట్టీ ఒకటి కావాలి, లేకపోతే లోపల పరిచిన పీచు తలుపు తీసిన ప్రతిసారీ బయటికి రాలుతుంది. ఆ పట్టీకి వడ్రంగి దగ్గర ఉండే తునక చాలు.

ప్లైవుడ్ 18 మిల్లీమీటర్ల మందం ఉన్నది, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం తీసుకోండి. మామూలు రకాన్ని కొంటే తేమకు పొరలు విడిపోతాయి. టేకు మంచిదే గాని ఖర్చు ఎక్కువ. మామిడి చెక్క చవకే అయినా మన గాలికి ఉబ్బి తలుపులు బిగుసుకుపోతాయి, పురుగు కూడా పడుతుంది. దేవదారు వంటి ఘాటైన వాసన గల చెక్కనూ, సరుకులు వచ్చిన పాత ప్యాకింగు పెట్టెల చెక్కనూ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. మొదటిదాని నూనెలు పాము ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, రెండవదానికి ఏ మందు పట్టించారో మనకు తెలియదు. లోపలి వైపు నీటితో కలిపే రకం పాలీయురెథేన్ వార్నిష్ మూడు పూతలు వేయించండి. పలకల అంచులు ముఖానికంటే ఎక్కువ తేమ పీల్చుకుంటాయి గనుక అంచులకు మరొక పూత పడితే మంచిది. మూలలను అక్వేరియంలకు వాడే సిలికాన్‌తో మూయించండి. స్నానాల గదులకు వాడే రకంలో బూజు మందు కలుస్తుంది. ఆ తరువాత రెండు వారాల పాటు తలుపులు తీసి నీడలో ఆరబెట్టండి. తలుపులు ఒక రాత్రి మూసి ఉంచి, తెల్లవారి తెరిచినప్పుడు మన ముక్కుకు వాసన తగిలితే పామును అందులో పెట్టే సమయం ఇంకా రాలేదన్నమాట.

తలుపులకు మందుల దుకాణాల షోకేసులకు ఉండే పద్ధతి అన్నిటికంటే మేలైనది. కాలువల్లో జారే రెండు 5 మిల్లీమీటర్ల అద్దాలు, వాటి మధ్య పళ్ళ పట్టీతో బిగిసే షోకేసు తాళం పెట్టించండి. గడియ మాత్రమే పెట్టి ఊరుకోవద్దు. పాముకు ఒళ్ళంతా కండరమే; రాత్రంతా ఒకేచోట తలతో నెడుతూ పోతే వదులు గడియ ఎప్పుడో ఒకప్పుడు ఊడక తప్పదు. రెండు అద్దాలు ఒకదానిమీద ఒకటి వచ్చేచోట సందు ఎంత ఉన్నదో వేలితో తడిమి చూడండి. పాము తల దూరే సందులో ఒళ్ళు కూడా దూరుతుంది.

గాలి రంధ్రాల విషయంలోనే మన పెట్టె విదేశీ నమూనాకు భిన్నంగా ఉండాలి. వేడి ఉండే పక్క గోడలో పైభాగాన ఒక రంధ్రం, చల్లగా ఉండే పక్క గోడలో కింది భాగాన, పరిచిన పీచుకు కాస్త పైన మరొకటి పెట్టించండి. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంటే కిందినుంచి కొత్త గాలి దానంతటదే వస్తుంది. ఒక్కొక్కటి కనీసం జానెడు పొడవు, మూడంగుళాల ఎత్తు ఉండనివ్వండి. జాలీ స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. మామూలు ఇనుప జాలీ ఉప్పుగాలికి తుప్పు పట్టి, తెగిన తీగ మొనలు పాము పొలుసులను చీలుస్తాయి. జాలీని లోపలి వైపు ముక్కు తగలకుండా, పలక మందంలోకి దించి, బయటి వైపునుంచి బిగించమని వడ్రంగికి చెప్పండి.

వేడి విషయానికి వస్తే, పాముకు పెట్టెలో ఒక చివర సుమారు 32 డిగ్రీలు, మరొక చివర 25, 26 డిగ్రీలు ఉండాలి. తనకు ఎప్పుడు ఏది కావాలో ఎంచుకుని అటూ ఇటూ తిరగడంలోనే దాని ఆరోగ్యం ఉంటుంది. మీ ఊరిలో ఈ తేడాను కరెంటుతో తేవలసిన అవసరం ప్రధానంగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రిళ్ళూ, ముసురు పట్టిన రోజుల్లోనూ ఉంటుంది. అందుకు వెలుగు లేని సిరామిక్ హీటరు, 60 నుంచి 100 వాట్లది, పింగాణీ హోల్డరులో, పైకప్పుకు బిగించి, చుట్టూ తీగ పంజరం పెట్టించండి. పంజరం లేకపోతే పాము హీటరుకు చుట్టుకుంటుంది. చర్మం కాలుతున్నా త్వరగా పక్కకు తప్పుకోని జంతువు అది. వేడి హద్దు దాటగానే హీటరును దానంతటదే ఆపే థర్మోస్టాట్ లేకుండా ఏ హీటరూ వాడవద్దు. డబ్బు తగ్గించుకోవాలనుకుంటే అద్దంలో తగ్గించండి, చెక్కలో తగ్గించండి, దీనిలో మాత్రం వద్దు. దాని సెన్సరును హీటరు కింద, పాము పడుకునే ఎత్తులో అమర్చి, పక్కనే మరొక థర్మామీటరు పెట్టి రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూస్తుండండి. స్విచ్చి, ప్లగ్గు పెట్టె బయటే ఉండాలి.

మే నెలలో చిక్కు వేరు. గది వేడే 35 డిగ్రీలు దాటినప్పుడు థర్మోస్టాట్ హీటరును ఆపగలదే గాని పెట్టెను చల్లబరచలేదు. 35 దాటిన వేడిలో బయటపడే దారి లేకుండా ఉండిపోతే పాము ప్రాణానికే ముప్పు. అందువల్ల పెట్టెను రేకుల కప్పు కింద గాని, మేడమీద పడమటి గదిలో గాని పెట్టకుండా, కింది అంతస్తులో ఉత్తరపు వైపు గదిలో పెట్టండి. వడగాడ్పుల రోజులలో సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, తుండుగుడ్డలో చుట్టి, చల్లని వైపు పైకప్పు మీద కాకుండా లోపలే ఒక మూలన ఉంచితే మధ్యాహ్నం గట్టెక్కుతుంది. కప్పు మీద పెడితే 18 మిల్లీమీటర్ల చెక్క ఆ చల్లదనాన్ని కిందికి దిగనివ్వదు.

తేమ 55 నుంచి 70 శాతం మధ్య ఉంటే చాలు. వానాకాలంలో మీ గదిలోనే 80, 90 ఉంటుంది గనుక తుంపర యంత్రం కొనవలసిన పని లేదు. ఆ రోజుల్లో తడిసిన పీచు మీద పడుకున్న పాముకు పొట్టకింది పొలుసులు కుళ్ళుతాయి, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీసే జబ్బు వస్తుంది. నీళ్ళ పళ్ళెం చల్లని వైపుకు జరిపి, పీచు పై పొర ఎప్పుడూ పొడిగా ఉండేటట్లు చూడండి. పీచు అంటే గుర్తుకు వచ్చింది: పరచడానికి మీ అంబాజీపేట ప్రాంతంలో దొరికే కొబ్బరి పీచు, డొక్క ముక్కలకు మించినది లేదు. అయితే ఉప్పుటేరు నీటిలో నానబెట్టిన డొక్కలో ఉప్పు ఉండిపోతుంది కాబట్టి మంచినీటిలో రెండు మూడుసార్లు నానబెట్టి, పిండి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి మూడంగుళాల మందాన పరచండి. ఊక, రంపపు పొట్టు వద్దు. వాటి దుమ్ము ఊపిరిలోకి పోతుంది.

దాక్కోవడానికి కుమ్మరి దగ్గర ఒకే కొలతగల మూకుళ్ళు రెండు కొని, అంచులో పాము దూరేటంత గండి కొట్టించి, మొనలను రాతిమీద అరగదీసి, వేడి వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి బోర్లించండి. ముడుచుకుని పడుకున్నప్పుడు పాము ఒళ్ళు మూకుడుకు తగులుతుండాలి. విశాలంగా ఉంటే దానికి ధైర్యం ఉండదు. పెట్టెను నేలమీద కాకుండా గోడకు బెత్తెడు దూరంలో ఇనుప స్టాండు మీద ఉంచితే చెదలు అంటవు. చీమల కోసం కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టి, దోమలు గుడ్లు పెట్టకుండా రెండు రోజులకొకసారి నీళ్ళు మార్చండి. కొత్త పెట్టెలోకి మార్చిన తరువాత వారం రోజుల పాటు చేతిలోకి తీసుకోకుండా, ఆ తరువాత చంపి గడ్డకట్టించిన ఎలుకను పూర్తిగా కరిగించి, గోరువెచ్చన చేసి, పొడవైన పట్టకారుతో రాత్రిపూట అందించండి. ఎలుక లావు పాము ఒంటి లావును మించకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి తన గదిలో చెక్కపెట్టెలో పాము పెంచుతున్నాడు, అది విషం లేనిదేనని చెబుతున్నాడు. ఇంట్లో రెండేళ్ళ మనవరాలు ఉన్నది. రోజూ ఫినాయిలుతో ఇల్లు తుడుస్తాము, రాత్రి దోమల చక్రం వెలిగిస్తాము. పాము వల్ల పిల్లకు గాని, వీటివల్ల పాముకు గాని ఇబ్బంది ఉన్నదా?
– ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: అమ్మా, రెండువైపులా ఆలోచించి అడిగారు. పాము చర్మం మీద, పెంటలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. దానివల్ల పెద్దలకు నాలుగు రోజుల విరేచనాలతో పోయే జబ్బు ఐదేళ్ళలోపు పిల్లలకూ గర్భిణులకూ ప్రమాదం తేవచ్చు. పాప పామును గాని పెట్టెను గాని ముట్టుకోకూడదు. మీ అబ్బాయి పాము పని ముగించిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పాపను ఎత్తుకోవాలి. పాము నీళ్ళ పళ్ళెం, పట్టకారు వంటింటి తొట్టిలో కడగకూడదు. ఎలుకలను గడ్డకట్టించి ఉంచడానికి మీ ఆహారం ఉండే ఫ్రిజ్ వాడకుండా వేరే ఏర్పాటు అతడే చేసుకోవాలి. పెట్టె తాళం చెవి పాపకు అందని చోట ఉండాలి.

ఫినాయిలు పాముకు విషమే. పెట్టె లోపల సరే, ఆ గది నేలమీద కూడా వాడవద్దు. ఆ గదికి సబ్బునీళ్ళు చాలు. కలరా ఉండలు కూడా ఆ గదిలో పెట్టవద్దు. దోమల చక్రం పొగ మూసిన గదిలో మనుషులకే మంచిది కాదు. ఆ గదికి కిటికీ జాలీ బిగించి, మీ అబ్బాయిని దోమతెరలో పడుకొమ్మనండి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పంటకాలువ గట్టున అడుగు పొడవున్న పాముపిల్ల దొరికితే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తెచ్చాడు. ఒంటిమీద తెల్లని చారలు ఉన్నాయి. విషం లేని పామేనని, దానికి పెట్టె చేయించమని పట్టుబడుతున్నాడు. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, ఉండి

సమాధానం: చేయించకూడదు. ఆ డబ్బా మూత ఇకమీదట మీ ఇంట్లో ఎవరూ తెరవకూడదు. మన చేలలో, గట్లమీద తిరిగే పాములను పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జెర్రిపోతు, నీరుకట్టె వంటి విషం లేని పాములకూ ఇదే వర్తిస్తుంది.

అంతకంటే ముందు నాకు భయం కలిగించినది ఆ తెల్లని చారలు. కట్లపాము పిల్లకూ, విషం లేని తోడేలు పాముకూ చారలు ఉంటాయి. కట్లపాముకు సాధారణంగా మెడ దగ్గర చారలు అస్పష్టంగా ఉండి తోకవైపు స్పష్టమవుతాయి, తోడేలు పాముకు తలవైపు స్పష్టంగా ఉండి తోకవైపు మాసిపోతాయి. కాని ఈ తేడాను డబ్బాలో కదిలే అడుగు పొడవు పిల్లలో పోల్చుకోవడం అనుభవం ఉన్నవారికీ అన్నివేళలా సాధ్యం కాదు కనుక, దీన్ని చదివి మీరు నిర్ణయించే ప్రయత్నం చేయవద్దు. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి గాని వాపు గాని లేకుండా ఉంటుంది. కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం గంటల తరువాత మొదలవుతాయి. మీ అబ్బాయిని, తెచ్చేటప్పుడు చేతికి ఏమైనా తగిలిందా అని కోప్పడకుండా అడగండి. తగిలిందనే అనుమానం ఉన్నా నాటువైద్యం జోలికి పోక, గాటు పెట్టకుండా, కట్టు బిగించకుండా, ఆ చేయి కదలనివ్వకుండా పాముకాటు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్ళండి. డబ్బాను నీడలో ఉంచి, అటవీశాఖవారికి ఫోను చేయండి. వదలడం వారి పని.

పిల్లవాడి ఆసక్తిని మాత్రం తిట్టి చంపవద్దు. పట్టుకోకుండా దూరంనుంచి చూసి, తేదీ, చోటు, రంగు, అప్పుడు నీరు ఎంత ఉన్నదీ నోటుపుస్తకంలో రాసుకోమనండి. ఊడ్పుల నుంచి కోతల దాకా ఒక్క పంటకాలం అలా రాస్తే, జెర్రిపోతులు ఎలుకల కలుగుల చుట్టూ ఎప్పుడు తిరుగుతాయో అతడే మీకు చెబుతాడు.

ప్రశ్న: మాది లంక గ్రామం. విషం లేని అమెరికా పాము కార్న్ స్నేక్ ఒకటి నా దగ్గర ఉన్నది. 2022 జులై వరదలో మా ఇంట్లోకి నడుములోతు నీరు వచ్చింది. మళ్ళీ అలా వస్తే పెట్టెను, పామును ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, పి.గన్నవరం

సమాధానం: నాలుగడుగుల పెట్టెను పడవలో ఎక్కించడం కుదరదు. పెట్టెను వదిలేసి పామును తీసుకువెళ్ళేటట్లు ముందే సిద్ధపడాలి. మందమైన నూలుగుడ్డతో దిండుగలీబు కంటే పెద్దదైన సంచి కుట్టించి, కుట్లు లోపలికి మడిచి రెండు వరుసలు వేయించండి. వేలాడే దారాలు పాము మెడకు చుట్టుకుంటాయి. పామును సంచిలో వేసి, మూతి మెలిపెట్టి ముడివేసి, పక్కలకు గాలి రంధ్రాలు చేసిన మూతగల ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాలి. డబ్బా మీద పాము పేరు, విషం లేదన్న మాట, మీ ఫోను నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. పాముకు సంబంధించిన కాగితాల నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టి లోపలే అతికించండి. పునరావాస కేంద్రంలో ఆ డబ్బాను జనం పడుకునేచోట కాకుండా, అక్కడి అధికారికి చెప్పి, తాళం పడే గదిలో ఉంచండి. నీళ్ళు మాత్రం రోజుకొకసారి, తలుపు మూసిన గదిలో, మీరే ఇవ్వండి. ఎదిగిన పాము వారం పది రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది.

మేత విషయంలోనే ముందుచూపు కావాలి. తిన్న రెండు రోజులలోపు కదిలిస్తే పాము మింగినదాన్ని కక్కేస్తుంది, అది దానికి చాలా హాని. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక వెలువడగానే మేత ఆపండి. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులు దాటి అక్కడ మొదటి హెచ్చరిక వచ్చేసరికి సంచి, డబ్బా గుమ్మం పక్కన సిద్ధంగా ఉండాలి. రెండవ హెచ్చరిక 13 లక్షల దగ్గర వస్తుంది. దానికోసం ఎదురుచూడకుండా, పగటి వెలుతురు ఉండగానే పెట్టెలోని హీటరు ప్లగ్గు తీసి, పామును గట్టు దాటించండి.